గోల్ కాదు, పాస్: 'లుకింగ్ ఫర్ ఎరిక్' చిత్ర పరిశీలన



ఈనాటి ప్రసంగంలో 2009లో విడుదలైన ఒక బ్రిటిష్ చిత్రం గురించి తెలుసుకుందాం. దాని పేరు 'లుకింగ్ ఫర్ ఎరిక్'. అంటే ఎరిక్ కోసం వెతుకులాట. దర్శకుడు కెన్ లోచ్, రచయిత పాల్ లావర్టీ. 1960ల నుంచి శ్రామికుల జీవితాలనే చిత్రాలుగా తీసిన దర్శకుడు లోచ్. ఆయన చిత్రాలు చాలావరకు గుండెను బరువెక్కిస్తాయి. ఇది మాత్రం నవ్విస్తూ ఆలోచింపజేస్తుంది.

ఇందులో ఇద్దరు ఎరిక్‌లు ఉన్నారు. ఒకడు ఎరిక్ బిషప్, మాంచెస్టర్ నగరంలో పోస్ట్‌మాన్. రెండవవాడు ఎరిక్ కాంటోనా. 1992 నుంచి 1997 వరకు మాంచెస్టర్ యునైటెడ్ జట్టుకు ఆడిన ఫ్రెంచి క్రీడాకారుడు. చిత్రంలో కాంటోనాగా కాంటోనాయే నటించారు.

పోస్ట్‌మాన్ పరిస్థితి ఏమీ బాగుండదు. ఎప్పుడో వదిలి వచ్చేసిన మొదటి భార్య లిలీకి ముఖం చూపించలేడు. ఇంట్లో ఇద్దరు సవతి కొడుకులు మాట వినరు. ఒకనాడు దిక్కుతోచక రోడ్డు కూడలిలో కారును ఎదురు దిశలో తిప్పి ఆసుపత్రి పాలవుతాడు. ఒక రాత్రి గంజాయి మత్తులో, గోడ మీది కాంటోనా బొమ్మకు తన గోడు వెళ్లబోసుకుంటాడు. వెనక్కి తిరిగి చూస్తే కాంటోనా ఎదురుగా నిలబడి ఉంటాడు!

ఈ సన్నివేశం వెనుక ఒక విశేషం ఉంది. లోచ్ కథను వరుసక్రమంలో చిత్రిస్తారు, నటులకు ముందు జరగబోయేది చెప్పరు. పోస్ట్‌మాన్‌గా నటించిన స్టీవ్ ఎవెట్స్‌కు, కాంటోనా ఈ చిత్రంలో ఉన్నారన్న సంగతే తెలియదు. కాబట్టి తెరమీద మనం చూసే ఆశ్చర్యం నటన కాదు.

ఇక ఈ చిత్రానికి ఆయువుపట్టు వంటి సంభాషణను గమనించండి. మీ ఆటలో అన్నిటికన్నా తీయని క్షణం ఏది అని పోస్ట్‌మాన్ అడుగుతాడు. తానే ఒక్కొక్క గోల్‌ను గుర్తు చేస్తాడు. కాంటోనా కాదంటాడు. అది గోల్ కాదు, టాటెన్‌హామ్ జట్టుతో ఆడినప్పుడు సహచరుడు డెనిస్ ఇర్విన్‌కు అందించిన ఒక పాస్. అతను ఆ బంతిని గోల్ చేయలేకపోయి ఉంటే? సాటి ఆటగాడిని నమ్మాల్సిందే, నమ్మకపోతే అంతా పోయినట్టేనన్నది కాంటోనా సమాధానం.

ఈ మాట పోస్ట్‌మాన్‌కు త్వరలోనే అవసరపడుతుంది. ఒక ముఠా నాయకుడు పెద్ద కొడుకును బెదిరించి, తుపాకీని వాళ్లింట్లో దాయిస్తాడు. కష్టాన్ని కడుపులో దాచుకోవడమే అలవాటైన మనిషి, చివరికి నోరు విప్పి తోటి పోస్ట్‌మాన్‌లకు చెప్పుకుంటాడు. అభిమానులంతా కాంటోనా ముసుగులు ధరించి, బస్సులెక్కి ఆ ముఠా నాయకుడి ఇంటికి తరలివెళతారు. వీరాభిమానం తెచ్చిన ఉపాయమే అయినా, గెలిపించింది వీరుడు కాదు, స్నేహితులు.

దీనికొక సామాజిక నేపథ్యం ఉంది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ కార్మికుల ఆటగా పెరిగింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక టెలివిజన్ సొమ్ము వచ్చిపడింది, టికెట్ల ధరలూ పెరిగాయి. చిత్రంలోని అభిమానులు మ్యాచ్‌ను పబ్బులో కూర్చుని టీవీలో చూస్తారు. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొనుగోలు చేసినప్పుడు, కొందరు అభిమానులు విడిపోయి 'ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్' అనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఆ వాదన కూడా ఈ పబ్బులో వినిపిస్తుంది. స్టేడియం చేజారినా వారి మధ్య స్నేహం మాత్రం చేజారలేదు.

లోపం లేదా? ఉంది. ముసుగులు వేసుకుని ఇంటి మీద పడి సామాన్లు పగలగొట్టడం న్యాయమేనా? నిజజీవితంలో అంత సులువుగా ముగుస్తుందా? ఈ ప్రశ్నలను మీ తరగతిలో చర్చించండి.

చివరగా ఒక మాట. పరీక్ష తప్పినా, ఇంట్లో ఇబ్బంది వచ్చినా, ఎవరైనా బెదిరిస్తున్నా, ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోయేవారు మీలోనూ ఉండవచ్చు. సాయం అడగడం ఓటమి కాదు. బంతిని నమ్మకమైన మనిషికి అందించడం కూడా ఆటలో భాగమే.