మన యూరి గ్రంథము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తిచేసికొన్న ఈ శుభ సమయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశ మిచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు. ఈ కాలమున మన బీరువాలలోనికి ఎన్ని గ్రంథములు చేరినవో జాబితా పుస్తకము చెప్పును. ఐనను ఆ జాబితాలో కానరాని గ్రంథ మొకటి కలదు. అది మన యూరి గ్రంథము. దానిని ఎవరును అచ్చువేయలేదు. ఏ అంగడిలోను అది దొరకదు. దాని పుటలు మన యిండ్లలోనే చెదరియున్నవి. కొన్ని ట్రంకుపెట్టెల అడుగున, కొన్ని గోడలమీది పటములలో, మరికొన్ని వృద్ధుల నోటిలో ఉన్నవి. వానిని ఒకచోట చేర్చు పనిని మన గ్రంథాలయము చేపట్టవలెనని విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

ఇట్టి పని మన దేశమునకు కొత్త కాదు. స్కాట్లండు దేశీయుడైన కాలిన్ మెకంజీ 1783లో మన దేశమునకు వచ్చి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. భూములు కొలుచుటతో ఆయన తృప్తి చెందలేదు. ఊరూరి చరిత్ర సేకరింపవలెనని తలపెట్టెను. కాని దేశభాషలలో ఆయనకు ప్రవేశము లేదు. ఆ లోటును తీర్చినవారు మన తెలుగువారైన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయస్సుననే గతించెను. తరువాత లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వారును వారి సహాయకులును గ్రామగ్రామమునకు పోయి, కరణముల కవిలెలు చూచి, పెద్దలను అడిగి, ఊరి పుట్టుక, పొలిమేరలు, చెరువులు, దేవాలయములు, దానశాసనములు, వంశక్రమములు వ్రాసికొనిరి. వానినే మనము కైఫియతులని పిలుచుచున్నాము. అనంతర కాలమున సి. పి. బ్రౌను వానికి ప్రతులు వ్రాయించెను. ఆనాడు ఆ కాగితములే లేకున్న నేడు ఎన్నో యూళ్ళకు పేరు తప్ప గతము లేకుండెడిది.

అయితే కైఫియతులలో ఒక వెలితి కలదు. అడిగినది కరణమును, గ్రామాధికారిని, అర్చకుని. కావున చెప్పినదియు వారి మాటయే. జమీందారు వంశము పదితరములు కనిపించును. ఆ చెరువు కట్టకు మన్ను మోసినవారి పేర్లు సామాన్యముగా కనిపింపవు. కాగితము గలవానికే చరిత్ర గలదనునట్లు అయినది. మనము చేయబోవు పనిలో ఈ వెలితి మరల రాకూడదు. నా ప్రసంగమునకు ప్రాణము ఈ ఒక్క మాటయే.

కాగితము లేనివారికి వంశచరిత్ర లేదనుట సత్యము కాదు. మన సమాజమున ఆయా కులములకు వంశములను జ్ఞాపకముంచుకొను ఆశ్రితులు తరతరములుగా ఉండిరి. నేడు వంశరాజులని పిలువబడువారు రైతు కుటుంబముల గోత్రములను, పూర్వులను పాడి చెప్పెడివారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పెడివారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు పటము విప్పి బొమ్మ చూపి కథ చెప్పెడివారు. తెలంగాణమున చేర్యాల గ్రామపు నకాషీ చిత్రకారులు వ్రాసిన ఆ పటములను చూచినవారికి ఒక సంగతి బోధపడును: బొమ్మను, వంశకథను ఒకచోట చేర్చి జనసభలో విప్పి చూపుట మన పల్లెలకు ఫోటో పుట్టకముందే తెలియును. మనము నేడు చేయదలచినది దాని కొనసాగింపు మాత్రమే.

ఇట్టి కార్యము పదిమంది చేయి కలిపిన గాని సాగదు. తెలంగాణమున తెలుగు కవులే లేరను మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. ఊరూరినుండి సామగ్రి రానిదే అంతటి సంచిక వెలువడి యుండునా? లేదన్నవారితో వాదించుటకంటె, ఉన్నదానిని చేర్చి చూపుట మేలని ఆ సంచిక మనకు నేర్పినది.

సముద్రముల కావలి పల్లెలలోను ఇదే ప్రయత్నము జరుగుచున్నది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున 120 కౌంటీలు కలవు. కౌంటీ యనగా జిల్లావంటి పాలనా విభాగము. 1996లో అచ్చటి స్వచ్ఛంద సేవకులు కౌంటీకొకరు చొప్పున బాధ్యత వహించి, తమ ప్రాంతపు వంశావళులను, పాత ఫోటోలను, సమాధిశిలలమీది వ్రాతలను సేకరించి, అడిగినవారి కెల్లరకు వెల లేకుండ అందించుట ఆరంభించిరి. ఆ పద్ధతి అచిరకాలముననే ఇతర రాష్ట్రములకు వ్యాపించెను. వారికి ఆ తొందర ఊరక కలుగలేదు. 1890వ సంవత్సరపు అమెరికా జనాభా లెక్కల పత్రములలో అధికభాగము 1921 జనవరిలో వాషింగ్టనులో జరిగిన అగ్నిప్రమాదము వలన నష్టమైనవి. ప్రభుత్వ భాండారము పోయినచోట ఇంటి బైబిలు మొదటి పుటలో తల్లి వ్రాసికొన్న పుట్టుక తేదీయే వారికి ఆధారమైనది.

మన యిండ్లలో అట్టి ఆధారములు లేవా? కావలసినన్ని కలవు. పాత పంచాంగముల అంచులమీద బిడ్డల పుట్టుకలు వ్రాయబడియున్నవి. జాతక చక్రములున్నవి. పెండ్లినాడు చదివించిన ఇత్తడి బిందెలమీద, స్టీలు పళ్ళెములమీద ఇచ్చినవారి పేర్లు, తేదీలు చెక్కబడియున్నవి. మన వంటయింటి అటుక సగము శాసన భాండారము. బడిలో ప్రవేశ పుస్తకమున్నది. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను వ్రాయించిన రిజిస్టర్లలో ఇనాముదారుల పేర్లు, వారి బంధుత్వములు కలవు. తెలంగాణమున 1954–55 నాటి ఖాస్రా పహాణీలో సాగుచేసినవారి పేర్లు కలవు. వంశపారంపర్య గ్రామోద్యోగములు 1984లో రద్దయిన పిమ్మట కరణముల యిండ్లలో మిగిలిన సొంత కాగితములు చెదలకు ఆహారమగుచున్నవి. వాని నకళ్ళను వెంటనే తీసికొనవలెను.

వంశవృక్షము వ్రాయువారికి మన ప్రాంతమున కొన్ని చిక్కులు ఎదురగును. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. అందువలన ఒకే పేరు తరము విడిచి తరమున వచ్చుచుండును. ఇద్దరిని ఒక్కరినిగా పొరబడకుండ పేరు ప్రక్కన తండ్రి పేరు తప్పక వ్రాయవలెను. మేనరికములున్న యింట శాఖలు మరల వచ్చి కలిసికొనును. అది చెట్టువలె గాక వలవలె కనిపించును. దత్తత పోయినవారిని ఉభయ వంశములలోను చూపవలెను. కాలనిర్ణయమున మరింత మెలకువ కావలెను. ముసలమ్మ ‘ధాత సంవత్సరమున పుట్టినాడు’ అన్నచో అది 1876–77 కావచ్చును, 1936–37 కావచ్చును. సంవత్సర చక్రము అరువది యేండ్లకు మరల వచ్చును గదా. అప్పుడు ‘అది పెద్ద కరవు నాటి ధాతయా, ఆ తరువాతిదా?’ అని అడిగిన చిక్కు విడిపోవును. తీరగ్రామములలో 1977 నవంబరు ఉప్పెన అట్టి గుర్తు. ఊరి వయస్సును వరదలతో, కరవులతో కొలుచుట పెద్దలకు అలవాటు; ఆ కొలతలను మనము నేర్చుకొనవలెను.

అన్నిటికంటె పెద్ద లోపము స్త్రీల విషయమున కలదు. మన వంశావళులలో తండ్రి, కొడుకు, మనుమడు వరుసగా వత్తురు, తల్లి కానరాదు. ఆమె పుట్టినిల్లు ఏ యూరో, ఆమె పుట్టింటి పేరు ఏమో రెండు తరములు గడచిన ఎవరికిని తెలియదు. మనము వ్రాయు ప్రతి వృక్షములోను ప్రతి స్త్రీ పేరు, పుట్టింటి పేరు, పుట్టినయూరు ఉండవలెను. ఇది దయతో చేయు పని కాదు. సగము ఊరిని విడిచిన చరిత్ర సగము అబద్ధము.

ఇక ఛాయాచిత్రముల మాట. ఒకప్పుడు ఫోటో తీయించుకొన్న ఆయుస్సు తగ్గునని మన పెద్దలు భయపడిరి. అందుచేత కొందరికి బ్రతికియుండగా చిత్రమే లేదు. ప్రాణము పోయిన పిమ్మట కూర్చుండబెట్టి తీయించినదే మిగిలినది. కలిగినవారి యింట స్టూడియో తెర ముందు తీసిన చిత్రములు, పెండ్లి ఆల్బములు ఉన్నవి. కూలి చేసికొని బ్రతికిన ఎందరికో 1993 తరువాత వచ్చిన ఓటరు గుర్తింపు కార్డుమీది బొమ్మయే మొదటి చిత్రము, కడపటి చిత్రము. ఆ కార్డును కూడ మనము అంతే గౌరవముతో అడిగి, నంబరు కప్పి, ముఖమునకు నకలు తీసికొనవలెను.

ఫోటో దానంతట అది మాటాడదు. ‘ఎడమనుండి మూడవవాడు ఎవరు?’ అన్న ప్రశ్నకు ఉత్తరము చెప్పగలవారు నేడు ఎనుబది యేండ్లవారు. వారు వెళ్ళిన మరునాడు ఆ బొమ్మలోనివాడు ఎవరికిని కాడు. ఫోటో చినుగుటకు నూరేండ్లు పట్టవచ్చును. పేరు చినుగుటకు ఒక్క రాత్రి చాలును. కావున ముందు పేర్లు, తరువాత అలంకారములు.

పద్ధతి సులభము. యువకులు, యువతులు ఇద్దరిద్దరుగా ఇంటింటికి పోవలెను. ఇద్దరిలో ఒకరు ఆ వాడవారే కావలెను. మాలపల్లె, మాదిగపల్లె, తండా, శివారు గుడిసెలు మొదటి వారముననే ముగియవలెను. చివరకు మిగిల్చిన పని మిగిలియే పోవును. అసలు చిత్రమును ఇంటివారి యెదుటనే స్కానరుతో గాని చేతి ఫోనుతో గాని నకలు తీసి, అప్పుడే తిరిగి ఇచ్చివేయవలెను. చిత్రము వెనుక సిరాతో వ్రాయరాదు. మెత్తని పెన్సిలుతో అంచున వ్రాయవచ్చును. జిగురు పుటల ఆల్బములో అతికింపరాదు. తడిగోడకు వ్రేలాడదీయరాదు. ప్రతి నకలునకు సంఖ్య వేసి, ఎవరు ఇచ్చిరో, ఎవరు గుర్తుపట్టిరో, ఏనాడో గ్రంథాలయ పుస్తకములో వ్రాయవలెను.

కొన్ని నియమములు కూడ తప్పవు. జీవించియున్నవారి వివరములను వారి అనుమతి లేక బయట పెట్టరాదు. ఆధారు సంఖ్యలు, భూమి పత్రములు మనకు అక్కరలేదు. ఒకే సంగతి రెండిండ్లవారు రెండు విధముల చెప్పినచో, రెండును చెప్పినవారి పేర్లతో వ్రాసియుంచవలెను. తీర్పు చెప్పుట మన పని కాదు. మన పుస్తకము ఆస్తి తగవులకు సాక్ష్యముగాను, కుల గర్వములకు జెండాగాను ఉపయోగపడకుండ కార్యవర్గము మొదటనే తీర్మానింపవలెను. ఇంటి గుట్టు చెప్పమని ఎవరిని బలవంతపెట్టరాదు. వద్దన్న ఇంటికి నమస్కరించి రావలెను.

ఇట్లు ఒక యేడు శ్రమించిన, వచ్చే వార్షికోత్సవమునకు ఈ గదిలో ఒక గోడ నిండును. అందు మునసబు చిత్రము ప్రక్కన నీరటికాని చిత్రము, పంతులుగారి ప్రక్కన బడి ఊడ్చిన అమ్మ చిత్రము ఒకే కొలతతో ఉండును. ఆ గోడ ముందు నిలిచిన బిడ్డ ఏ వాడనుండి వచ్చినను ‘మా తాత ఏడి?’ అని వెదకి, వ్రేలు పెట్టి చూపగలిగిన, ఆనాడు మన గ్రంథాలయము ఊరందరిది అనిపించుకొనును.

ఈ సంచిక చదువు ప్రతి చందాదారుడును నేటి రాత్రియే తమ యింటి పెద్దవారి ప్రక్కన కూర్చుండి, ఒక పాత చిత్రము చేత నుంచి, పేర్లు వ్రాసికొని రావలెనని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.