ఒకే చిప్పు, మూడు తొడుగులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన తీరమునకు దక్షిణమున శ్రీహరికోట నుండి 1971 మొదలు రాకెట్లు ఎగురుచున్నవి. వానిని చూచి పెరిగిన పిల్లలు తామును యంత్రములు కల్పింపగోరుట సహజము. అట్టి యువకుడొకడు రొయ్యల గుంటకు కావలి పెట్టె చేయదలచెననుకొందము. కరెంటు పోయినను, నీటి వేడిమి హద్దు దాటినను అది గంట మ్రోగింపవలెను. నడిరేయి ఏరేటర్లు ఆగినచో నీటిలో ప్రాణవాయువు తఱిగి, తెల్లవారునప్పటికి పంట దక్కకపోవచ్చును. కావున ఇది ఆటవస్తువు కాదు.

ఆ పెట్టెకు మెదడు మైక్రోకంట్రోలరను చిప్పు. దానిని కొనునప్పుడు పేరొక్కటే చాలదు. తొడుగును కూడ చూడవలెను. ఒకే కావ్యము పెద్దక్షరముల ప్రతిగాను, జేబు ప్రతిగాను అచ్చగుట చదువరులెఱిగినదే. పాఠమొకటే, ప్రతి మాత్రము చదువువాని కంటిని బట్టి ఎన్నుకొనవలెను. చిప్పు విషయమును ఇట్టిదే.

ఏటీమెగా 328పి అను చిప్పును చూడుడు. డిప్ తొడుగున దానికి రెండు వరుసలలో 28 కాళ్లు. ఒక కాలికిని మఱియొక కాలికిని ఎడము 2.54 మిల్లీమీటర్లు. బ్రెడ్‌బోర్డు రంధ్రముల ఎడమును అంతియే గనుక టంకము లేకయే గుచ్చవచ్చును. టీక్యూఎఫ్‌పీ తొడుగున నాలుగు ప్రక్కల 32 కాళ్లు; ఎడము 0.8 మిల్లీమీటరు. క్యూఎఫ్‌ఎన్ తొడుగున పొడుచుకొనివచ్చు కాళ్లే లేవు. టంకము అడుగున పట్టవలెను. దానికి వేడిగాలి పరికరమును, అలవడిన చేయియు కావలెను.

చిన్న తొడుగు హీనమని తలపరాదు. అది చోటు తక్కువ పట్టును. 32 కాళ్ల ప్రతులకు అనలాగ్ ద్వారములు 8, డిప్‌నకు 6 మాత్రమే. కాని మన కావలి పెట్టెకు ఆరును మిక్కిలియే. పైగా సాకెట్టులో గుచ్చిన డిప్ చెడినచో, ప్రోగ్రాము ఎక్కించి సిద్ధముగా నుంచిన మఱియొకదానిని గుంటగట్టుననే, టార్చిలైటు వెలుగున మార్చుకొనవచ్చును. టంకము కరిగింప పట్టణమునకు పరుగెత్తనక్కరలేదు.

అయితే మన ఉప్పుగాలికి సాకెట్టు రేకులు చిలుమెక్కును. పెట్టెను గాలి చొరకుండ బిగించి, లోపల సిలికాజెల్ సంచి ఉంచి, ప్రతి పంటకు ముందు విప్పి చూడవలెను.

కొనునప్పుడు పేరు చివరి అక్షరములు చదువుడు. పీయూ అనిన డిప్, ఏయూ అనిన టీక్యూఎఫ్‌పీ, ఎమ్‌యూ అనిన క్యూఎఫ్‌ఎన్. ఇది చూడక తెప్పించినవానికి బ్రెడ్‌బోర్డున గ్రుచ్చరాని చిప్పు చేతికి వచ్చును. క్రొత్త చిప్పులు పెక్కు డిప్‌లో దొరకవు. 2021లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై పికో వంటి పలకలపై చిన్న చిప్పును ముందే అతికించి, 2.54 మిల్లీమీటర్ల ఎడముతో రంధ్రములిత్తురు. అట్టివానిని పలకతోనే కొనుట మేలు.

యువకులారా! తొలి యంత్రమును మీ చేతితో విప్పి బాగుచేయగల రీతిని చేయుడు. చేయి తిరిగిన పిమ్మట చిన్నవానిని చేపట్టుడు.