వాన మారింది, విత్తనం వదలొద్దు



వాతావరణ మార్పు అంటే ఎక్కడో మంచు కరగడమని పుస్తకాల్లో చదువుకున్నాం. పాడేరు, అరకు కొండల్లో దాన్ని చూడాలంటే చేనుకి వెళ్తే చాలు. మార్చి, ఏప్రిల్‌లో జల్లు పడకపోతే కాఫీ పూత నిలవదు. జూన్‌లో ఒక వాన కురిసి మళ్ళీ ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. కోతలప్పుడు తుపాను పట్టుకుంటే గింజ కళ్ళంలోనే మొలకెత్తుతుంది.

మన పెద్దలు ఒక్క పంటను నమ్ముకోలేదు. కొండపోడులో సామ, చోడి, కొర్ర, కంది, బొబ్బర కలిపి వేశారు. సామ తొందరగా చేతికొచ్చి ఆకలి నెలలు గట్టెక్కిస్తుంది. కంది వేరు లోతుకు దిగి ఎండను తట్టుకుంటుంది. వాన ఏ నెలలో మోసం చేసినా ఏదో ఒకటి మిగిలేది.

కొత్తదీ నేర్చుకుంటున్నాం. గుళి పద్ధతిలో చోడి వెదజల్లరు. నారు పోసి, గుళ్ళు తీసి ఎడంగా నాటుతారు. విత్తనం తక్కువ పడుతుంది, పిలకలు ఎక్కువొస్తాయి. వాన ఆలస్యమైతే నారు కూడా ఆలస్యంగా పోసుకోవచ్చు.

మరి ఈ పంటలు ఎందుకు తగ్గాయి? రేషన్ బియ్యం ఒక కారణం. సామలు దంచే చాకిరీ ఇంకో కారణం, అదంతా ఆడవాళ్ళ నెత్తినే పడింది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సంతోషమే. కానీ ఊళ్ళో పొట్టు తీసే చిన్న మిల్లు లేకుండా అమ్మని మళ్ళీ సామలు వండమంటే అది న్యాయమా?

ఇంకోటి భూమి. పట్టా లేని పోడు రైతుకి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, పంట నష్టం జాబితాలో పేరెక్కడమూ కష్టమే. 2005 డిసెంబర్ 13 నాటికే మన సాగులో ఉన్న అటవీ భూమికి, 4 హెక్టార్ల వరకు, 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇస్తోంది. ఆ క్లెయిమ్ మొదలయ్యేది గ్రామసభలోనే. పండించిన విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే హక్కు 2001 చట్టంలో ఉంది.

చదువుకున్న మీరు ఒక పని చేయండి. చైత్రంలో ఇటుకల పండగకి ఊరెళ్తారు కదా, ఇల్లిల్లూ తిరిగి ఏ విత్తనం ఎవరి దగ్గరుందో రాయండి. ఏది ఒక్క ఇంట్లోనే మిగిలిందో దాన్ని ముందు నలుగురికీ పంచండి. అదే పుస్తకంలో పట్టా రాని ఇళ్ళ పేర్లూ రాసి గ్రామసభలో పెట్టండి.