విద్యుత్ గిటారు: వెల యెంత, నాద మెంత?

(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



ఇట్టి సభలలో త్యాగరాజస్వామి కృతులను గూర్చియో, కూచిపూడి నాట్యమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. విద్యుత్ గిటారును గూర్చి ప్రసంగమేమని పెద్దలకు తోచవచ్చును. కాని ప్రభుత్వ క్వార్టర్సులలో పదునాలుగు పదునైదేండ్ల బిడ్డలు ఆ వాద్యమును కోరుచున్న కాలమిది. తండ్రి దుకాణమునకు పోవును. గోడమీద పదివేల రూపాయల గిటారు, దాని ప్రక్కనే ఇంచుమించు అదే ఆకారము, అదే రంగు గల లక్షన్నర రూపాయల గిటారు వ్రేలాడుచుండును. మొదటిది కొన్నచో బిడ్డకు అన్యాయము చేసినట్లగునేమో యని జంకు. రెండవది కొనవలెనన్న ప్రావిడెంటు ఫండు కదలవలెను. ఈ రెంటి నడుమనున్న లక్షా నలుబదివేల రూపాయలలో నాదమునకు చెందిన భాగ మెంత? ప్రసంగ మంతయు ఆ ప్రశ్నకే పరిమితము.

ముందుగా వీణను తలచుకొనుట మంచిది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి శిల్పులు పనస దుంగను తొలిచి కుండను దండిని ఏకఖండముగా తీర్చుదురు. తీగను మీటినంతనే కంపనము గుఱ్ఱము ద్వారా కుండమీది పలకకు చేరును. ఆ పలకయు, కుండలోని గాలియు కలిసి పలుకును. వీణలో కొయ్యయే కంఠము. కొయ్య మారిన కంఠము మారును. కావున మంచి కొయ్యకు, దానిని తొలిచిన చేతికి అధికమూల్య మిచ్చుట న్యాయమే.

విద్యుత్ గిటారు అట్టిది కాదు. సాధారణముగా దాని దేహము బోలు లేని దళసరి కొయ్యపలక. ఆంప్లిఫయరునకు తగిలింపక మీటినచో ప్రక్కగదిలోని వారికి వినబడుటయే కష్టము. దాని ఉక్కుతీగల క్రింద పికప్పు అను చిన్న పరికరము కలదు. అందు అయస్కాంతములు, వాని చుట్టును వెండ్రుక వంటి సన్నని రాగితీగ వేలకొలది చుట్లు. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించి రాగితీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే యిది. ఆ విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచును, స్పీకరు ధ్వనిగా మార్చును. పికప్పు గ్రహించునది ముఖ్యముగా తీగ కదలికనే. కొయ్య ఆ తీగ కంపనమును కొంత హరింపవచ్చును గాని, వీణలోవలె తాను గొంతెత్తి పాడదు.

దీనికి చరిత్రయే సాక్షి. 1932లో అమెరికాలో విక్రయమునకు వచ్చిన రికెన్‌బాకర్ గిటారు వ్యాపారమున నిలిచిన తొలి విద్యుత్ గిటారు. దాని దేహము అల్యూమినియముతో పోత పోసినది. ఆకారమును బట్టి జనులు దానికి పెనమని ముద్దుపేరు పెట్టిరి. ఆ పెనమున పలికినది కొయ్య కాదు గదా! పిమ్మట 1950లో కాలిఫోర్నియాలోని లియో ఫెండర్ కొయ్యపలకకు మెడను మరలతో బిగించి గిటారును అమ్మసాగెను. ఆయన రేడియోలు బాగుచేయువాడు. గిటారు వాయించుట ఎఱుగడు. మెడ చెడిన విప్పి మఱియొకటి బిగింపవచ్చునను కర్మాగారపు పొదుపు ఆలోచన అది. నేడు లక్షలు పలుకు వంశమునకు మూలపురుషుడు పొదుపు వస్తువే యనుట కొంత వింత. ఆ సంస్థయే 1982లో స్క్వయర్ అను పేరుతో చవుకరకమును జపానులో చేయించి అమ్మినది. నేడు అవి చైనా, ఇండోనేషియాలనుండి వచ్చుచున్నవి. కొలతలు చాలవరకు అవియే.

నాష్‌విల్ నగరపు గిటారు వాదకుడు జిమ్ లిల్ 2021లో ఒక పరీక్ష చేసి దృశ్యరూపమున ప్రకటించెను. గిటారు దేహమును, మెడను పూర్తిగా తొలగించి, బల్లల నడుమ తీగలను బిగించి, వాని క్రింద పికప్పును అమర్చి వాయించెను. వినువారికి అది మంచి గిటారు నాదమువలెనే యున్నది. ఇది శాస్త్రీయ పరిశోధన కాకపోవచ్చును. కాని ప్రియమైన కొయ్యపేరు చెప్పి వెల పెంచు వర్తకునకు ఇబ్బందికరమైన ప్రశ్న.

కన్ను చెవిని మోసగించుట సంగీతలోకమున కొత్త కాదు. 2010లో ఇండియానాపొలిస్ నగరమున 21 మంది వయొలిన్ వాదకులకు మూడు ప్రాచీన వాద్యములను, మూడు నూతన వాద్యములను ఇచ్చి పరీక్షించిరి. ప్రాచీనములలో రెండు స్ట్రాడివారి చేసినవి, ఒకటి గ్వార్నేరి చేసినది. గది చీకటి; కండ్లకు అద్దములు; పాతకొయ్య వాసన తెలియకుండుటకై గడ్డ మానుచోట సుగంధము పూసిరి. ఇంటికి కొనిపోదగినది ఏదని యడుగగా 13 మంది నూతన వాద్యములనే కోరిరి. అందఱికంటె తక్కువ మెచ్చబడినది ఒక స్ట్రాడివారి! కంఠమే కొయ్యయైన వయొలినునందే ఇట్లున్నపుడు, కొయ్యపాత్ర మిక్కిలి తక్కువయైన గిటారు మాట వేఱుగ చెప్పవలెనా?

అయినను చవుకవాద్యమునకును మేలివాద్యమునకును భేదమే లేదనుట అసత్యము. భేదము కలదు; కాని అది జనులు వెదకుచోట లేదు. నాదమున భేదము ముఖ్యముగా పికప్పుది. మంచి పికప్పు, ధ్వనిని వికృతము చేయక స్వచ్ఛముగా వాయించునపుడు ఒక్కొక్క తీగను విడివిడిగా వినిపించును. మీటు సన్నగిల్లిన నాదమును సన్నగిలజేయును. చవుకదానిలో అన్నియు కొంత ముద్దగా వినవచ్చును. ఇంటి కరెంటు వలని రొద ఎక్కువ. పికప్పు మార్చుకొనదగిన వస్తువే. ఇక రాక్ సంగీతమునందువలె ధ్వనిని చీల్చి గర్జింపజేసినచో ఈ భేదములో చాలభాగము ఆ గర్జనలోనే మునిగిపోవును.

అసలు భేదము చేతికి తెలియును. వీణకువలె గిటారుకును మేరువు, మెట్లు, బిరడలు కలవు. చవుకవాద్యములలో మేరువు గాడులు తఱచుగా లోతు చాలక యుండును. తీగ ఎత్తుగా నిలుచును. మొదటి మెట్టు కడ నొక్కినపుడు అధికముగ సాగి స్వరము పైకి జరుగును. బిడ్డ వ్రేలు సరియైన చోటనే యున్నది. స్వరము మాత్రము తప్పినది. మెట్ల అంచులు అరగదీయకపోవుటచే వ్రేళ్లు గీరుకొనును. బిరడలు జారి అరగంటకే శ్రుతి తప్పును. (బిరడ త్రిప్పుట రానివాడు వాద్యమును నిందించుటయు కలదు, అది వేఱు సంగతి.) మూడు మాసములకు గిటారు మేకునకు వ్రేలాడును. "వీనికి సంగీతజ్ఞానము లేదు, పదివేలు దండుగ" అని ఇంటిలో తీర్పు వెలువడును. ఆ తీర్పు బిడ్డమీద చాలకాలము నిలుచును. తప్పు బిడ్డ చెవిది కాదు, మేరువుది. కొలదిపాటి లోతు తక్కువైన గాడిది. ఎఱిగిన పనివాడు ఆకురాయితో ఒక పూటలో దానిని సరిచేయగలడు. లక్షన్నర గిటారులో కొన్నదానిలో పెద్దభాగము ఈ ఆకురాయి పనియే.

ఇంగ్లండులో 1963లో బ్రయన్ మే అను పదునాఱేండ్ల బాలునకు ఫెండర్ గిటారు కావలసివచ్చెను. కొనుటకు శక్తి లేదు. తండ్రి హెరాల్డ్ మే విమానయాన మంత్రిత్వశాఖలో డ్రాఫ్ట్సుమను. అనగా ఈ సభలోని వారివంటి ప్రభుత్వోద్యోగియే. తండ్రికొడుకులు కలిసి ఇంటిలోనే గిటారు చేయ మొదలిడిరి. మెడకు పాత కుంపటిగూటి కొయ్య. దానిలోని పురుగు తొలిచిన రంధ్రములను అగ్గిపుల్లలతో పూడ్చిరి. తీగలను సడలించు యంత్రమునకు మోటారుసైకిలు స్ప్రింగులు. మెట్లనడుమ గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములు. కొయ్య పొయ్యిదైనను, మెట్లను కొలతతప్పక అమర్చిరి. కొన్న ముఖ్యవస్తువులలో పికప్పు లొకటి. తరువాత క్వీన్ అను వాద్యబృందముతో అతడు లోకప్రసిద్ధుడై వాయించినది ఆ గిటారునే.

తెలుగునాట నిదర్శనము పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కాలధర్మము నొందిన ఉప్పలపు శ్రీనివాస్. సంప్రదాయ మాండొలిన్ నాలుగు జంటతీగలది. మీటిన నాదము త్వరగా అణగును. గమకమునకు నిలుకడ కావలెను. ఆయన విద్యుత్ మాండొలినును చేపట్టి ఐదు ఒంటితీగలతో కర్ణాటక సంగీతమును పలికించెను. వాద్యమును ఎన్నుకొనుటలో ఆయన చూచినది నిలుకడ.

దుకాణమున చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. ఆంప్లిఫయరును మఱచి గిటార్లను పోల్చుట వ్యర్థము. గిటారు స్పీకరు సెకనుకు ఐదువేల కంపనములకు మించిన ధ్వనులను చాలవరకు వదలివేయును. నాదపు రంగు నిర్ణయించుటలో దానిది పెద్దచేయి. చవుక గిటారును మంచి ఆంప్లిఫయరునకు తగిలించుట, మేలి గిటారును అట్టపెట్టె వంటి స్పీకరునకు తగిలించుటకంటె మేలు. రెండు గిటార్లను ఒకే ఆంప్లిఫయరునకు, ఒకే మట్టమున తగిలింపుమని దుకాణదారుని కోరవలెను. బిడ్డను గోడవైపు తిరిగి నిలువుమని చెప్పి, వెలలు చెప్పక, అతనిచేత రెంటిని వాయింపించి ఏది బాగున్నదో అడుగవలెను. పిమ్మట బిడ్డ చేతికే ఇచ్చి మొదటి మెట్టు నొక్కించి, మెడ అంచున అఱచేయి జరిపించి, అరగంట వాయించిన తరువాత శ్రుతి నిలిచెనో లేదో చూడవలెను. మేరువు గాడులను సరిచేసి, క్రొత్త తీగలు వేసి యిచ్చుట బేరములోనే చేర్చుకొనవలెను; ఇంటికి తెచ్చిన తరువాత దుకాణదారునకు ఆ తీఱిక ఉండదు.