ఉడికిన వడ్లు మొలకెత్తునా?

ఈనాటి ధ్యానము కొరకు మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయము 20వ వచనము తీసి ఉంచుకోండి. తిరిగి లేచిన క్రీస్తును పౌలు అక్కడ ప్రథమఫలము అని పిలుస్తున్నాడు.

ప్రియులారా, మన ప్రాంతంలో ఈస్టర్ పండుగ యాసంగి కోతల వేళకు వస్తుంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటినుండి ఎడమ కాలువ కింద మన బ్రతుకులు వరి చుట్టూ తిరుగుతున్నాయి. మంచి శుక్రవారం గుడిలో ఏడు మాటలు విన్న రైతు, చీకటి పడేసరికి వడ్ల కుప్ప దగ్గర కాపలా పడుకుంటాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి.

ఆ వడ్లకు రెండు దారులున్నాయి. విత్తనానికి ఉంచిన వడ్లను రైతు ఒక దినం నానబెట్టి, గోనె సంచిలో మండె కడతాడు. చీకట్లో, వెచ్చదనంలో మొలక వస్తుంది. మిల్లుకు పోయిన వడ్లను కూడా నానబెడతారు. కానీ వాటిని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఆ తరువాత మర పడతారు. యాసంగి వడ్లు ఎండలకు పగులుతాయి, పచ్చివిగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది. అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. కేరళవారు ఇష్టంగా తినేది ఆ బియ్యమే. అయితే ఒకసారి ఉడికిన వడ్లను మీరు మండె కట్టినా, నారుమడిలో చల్లినా, ఎన్ని దినాలు కాచుకున్నా మొలక రాదు. ఈ మాట మన పిల్లలకు కూడా తెలుసు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈస్టర్ తెల్లవారుజామున మనం సమాధుల తోటకు వెళ్తాము. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. అలాంటి ఒక ఉదయం యోహాను సువార్త 12వ అధ్యాయములోని గోధుమగింజను గూర్చి వాక్యము చెప్పి, ప్రార్థన ముగించాను. హైవే మీద ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, విత్తనమైతే మూడు దినాలల్ల మొలకొస్తది. నా కొడుకు ఎన్నడు లేస్తడు?" అని అడిగింది.

సహోదరులారా, ఆ తల్లి అడిగినది న్యాయమైన ప్రశ్న. విత్తనం లోపల ప్రాణం ఉంది గనుక మొలుస్తుంది. చనిపోయిన మనిషిలో ఏ ప్రాణం దాగి ఉంది? లోకము దృష్టిలో మరణించినవాడు ఉడికిన వడ్ల వంటివాడు. ఇక అతనినుండి ఎదురుచూడవలసినది ఏమీ లేదు.

మన ప్రభువు విషయంలో కూడా అందరూ అలాగే అనుకున్నారు. మార్కు సువార్త 15వ అధ్యాయము చదవండి. ఆయన నిజంగా చనిపోయాడా అని పిలాతు శతాధిపతిని పిలిచి విచారించి, రూఢి చేసుకున్న తరువాతే దేహాన్ని అరిమతయియ యోసేపుకు ఇప్పించాడు. సమాధికి రాయి పొర్లించారు, ముద్ర వేశారు, కావలి పెట్టారు. ఆదివారం ఉదయం వచ్చిన స్త్రీలు చేతుల్లో ఏమి తెచ్చారు? విత్తనం వేసిన మడికి నీళ్లు పెడతారు, శవానికి సుగంధ ద్రవ్యాలు పూస్తారు. వారు తెచ్చినవి సుగంధ ద్రవ్యాలు. అంటే ఆయనను ప్రేమించినవారు కూడా మొలక కోసం రాలేదు.

కనుక ఈస్టర్ అంటే చెట్లు చిగురించినట్టు ప్రకృతిలో దానంతట అది జరిగే సంగతి కాదు. ఉడికిన వడ్లు మొలకెత్తిన సంగతి! లోపల ఏ ప్రాణమూ మిగలని చోట దేవుడు తన శక్తిచేత జీవము పుట్టించాడు. పౌలు కూడా విత్తనము పోలిక చెబుతూ, దానికి శరీరమును ఇచ్చేవాడు దేవుడే అని 38వ వచనములో జ్ఞాపకం చేస్తున్నాడు. మన నిరీక్షణ గింజ మీద కాదు, దేవుని మీద.

ఇప్పుడు ప్రథమఫలము అనే మాట చూద్దాం. లేవీయకాండము 23వ అధ్యాయము ప్రకారము, ఇశ్రాయేలీయులు కోతలో మొదటి పనను విశ్రాంతి దినం మరునాడు యెహోవా సన్నిధికి తెచ్చేవారు. మొదటి పన వచ్చిందంటే పొలమంతా పండినట్టే. మన రైతు కూడా అంతే. పొట్ట దశ దాటి మొదటి వెన్ను బయటికి రాగానే, "చేను ఈనింది" అంటాడు. ఒక్క వెన్నును చూసి చేనంతటి మాట చెబుతాడు.

అయితే మన వెన్నుకు భరోసా లేదు. 2024 సెప్టెంబరు తొలి దినాల వానలు కోదాడవారు మరచిపోలేదు. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడి, నాటిన పొలాలు మునిగాయి. క్రీస్తు అనే మొదటి వెన్నుకు అలాంటి గండి లేదు. ఆయన ఇక చనిపోడు.

ఆ తల్లికి నేను చెప్పిన జవాబు ఇదే: "అమ్మా, ఎన్నడు లేస్తాడో ఆ దినము తండ్రికి తెలుసు, మనకు తెలియదు. లేస్తాడా లేడా అన్నది మాత్రం ఈ ఉదయమే తేలిపోయింది. మొదటి వెన్ను వచ్చింది. నీ కొడుకు ఆ పొలంలోనివాడే." ఆమె ఏడ్పు ఆగలేదు. ఆగవలసిన పని కూడా లేదు. లాజరు లేస్తాడని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. నిరీక్షణ ఉన్నవారు ఏడ్వకూడదని బైబిలు ఎక్కడా చెప్పలేదు.

చివరిగా ఒక మాట. ఇంత గొప్ప పునరుత్థాన అధ్యాయమును పౌలు 58వ వచనములో దేనితో ముగించాడు? పనితో. ప్రభువునందు మన ప్రయాస వ్యర్థము కాదు అంటున్నాడు. సమాధుల తోటలో కొవ్వొత్తి ఆరిపోయిన తరువాత సోమవారం వస్తుంది. సంపాదించే కొడుకు లేని ఇంట్లో ఆ సోమవారం ఎలా గడుస్తుంది? ఆ ఇంటి వడ్లు ఆరబోయడానికి, వాన వస్తే పట్టా కప్పడానికి ఎవరున్నారు? బడులు తెరిచే నాటికి ఆ పిల్లల ఫీజు సంగతి ఏమిటి? సంఘముగా మీరు వెళ్లండి. మృతులు లేస్తారని నమ్మినవారు, బ్రతికి ఉన్నవారిని మట్టిలో వదిలివేయరు.

ప్రార్థన చేద్దాం. జీవాధిపతివైన ప్రభువా, ఈ ఉదయము సమాధుల యొద్ద నిలిచిన ప్రతి కుటుంబమును ఆదరించుము. కళ్లముందు కుప్పపోసిన పంటను కాపాడుము. కన్నీళ్లున్న ఇంటికి మా కాళ్లను నడిపించుము. తిరిగి లేచిన నీ కుమారుని నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును దీవించును గాక.