ఇంజను బలానికి తూకం



మాగాణిలో దమ్ము చేస్తున్న ట్రాక్టరుకు బురద బరువైతే ఇంజను వేగం పడిపోతుంది. అప్పుడు కూడా ఆగిపోకుండా చక్రాన్ని తిప్పే బలమే టార్క్. అమ్మకపు కాగితంలో అది ఇన్ని న్యూటన్ మీటర్లని రాసి ఉంటుంది. తిరిగే షాఫ్ట్‌లో దాగిన ఆ బలాన్ని మనిషి తూచడం ఎలా నేర్చాడో ఈ పూట చెప్పుకుందాం.

1821లో ఫ్రాన్సు ఇంజనీరు గస్పార్ ద ప్రోనీ ఒక సులువైన ఉపాయం కనిపెట్టాడు. తిరిగే షాఫ్ట్‌ను రెండు చెక్క దిమ్మెల మధ్య బోల్టులతో బిగించాడు. రాపిడి వల్ల షాఫ్ట్ ఆ దిమ్మెలను కూడా తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. దిమ్మెలకు పొడవైన చేయి అమర్చి, అది సమంగా నిలిచేదాకా చివర బరువులు వేలాడదీశాడు. బరువు లాగే బలాన్ని చేయి పొడవుతో గుణిస్తే టార్క్ వస్తుంది. దానితో పాటు షాఫ్ట్ వేగం కూడా తెలిస్తే ఇంజను ఎన్ని హార్స్‌పవరో లెక్క కట్టవచ్చు.

అయితే ఇంజను శక్తంతా ఆ చెక్కల దగ్గర వేడిగా మారుతుంది. పెద్ద ఓడల ఇంజన్లకు చెక్కలు ఎలా ఆగుతాయి? బ్రిటిష్ నౌకాదళం కోరిక మీద ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1877లో ఆ పని నీటికి అప్పగించాడు. షాఫ్ట్ నీటిని చిలుకుతుంది, నీరు చుట్టూ ఉన్న తొట్టిని తిప్పబోతుంది, తొట్టికున్న చేయి ఆ బలాన్ని చూపిస్తుంది. వేడిని నీరే మోసుకుపోతుంది. డైనమోమీటర్లు అనే ఇలాంటి నీటి పరికరాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

తర్వాతి మలుపు సన్నని తీగతో వచ్చింది. లోహపు తీగను సాగదీస్తే దాని విద్యుత్ నిరోధం మారుతుందని శాస్త్రవేత్త కెల్విన్ 1856లోనే చూపించాడు. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారుగా ఆ గుణంతో సాగుడును కొలిచే స్ట్రెయిన్ గేజ్ తయారు చేశారు. రూజ్ అప్పట్లో భూకంపాలకు నీటి ట్యాంకులు ఎలా తట్టుకుంటాయో పరిశీలిస్తున్నాడు. తడిబట్టను పిండినట్టు ఇంజను షాఫ్ట్‌ను మెలిపెడుతుంది, కంటికి కనిపించనంత కొద్దిగా. ఆ మెలిక వల్ల సాగుడు, నొక్కుడు 45 డిగ్రీల వాలులో ఎక్కువగా ఉంటాయి. అందుకే ఆ వాలులో నాలుగు గేజ్‌లు అతికించి వంతెన సర్క్యూట్‌లో కలుపుతారు. వేడి వల్ల, షాఫ్ట్ వంగడం వల్ల వచ్చే తేడాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

కానీ ఇలా గేజ్‌లు అతికించిన సెన్సారు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. ఒక్కో మిల్లీవోల్టు ఎన్ని న్యూటన్ మీటర్లకు సమానమో దానికదిగా చెప్పలేదు. ఆ సంగతి నేర్పడమే క్యాలిబ్రేషన్. అందుకు మళ్లీ ప్రోనీ చేయి, బరువులే దిక్కు. చేయి పొడవు కచ్చితంగా కొలవాలి, రసమట్టంతో సమంగా ఉంచాలి. ముందు పూర్తి బరువు కొన్నిసార్లు వేసి తీసి సెన్సారును కుదుటపరచాలి. తర్వాత మెట్టుమెట్టుగా బరువు పెంచుతూ, తిరిగి తగ్గిస్తూ రీడింగులు రాసుకోవాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే బరువు దగ్గర వేరువేరు అంకెలు కనిపిస్తే, ఆ తేడాను కూడా నమోదు చేయాలి.

మరో ముఖ్యమైన సంగతి. మీటరు పొడవున్న చేతికి పది కిలోలు వేలాడదీస్తే లండన్‌లో సుమారు 98.1 న్యూటన్ మీటర్లు వస్తుంది, హైదరాబాదులో 97.8 మాత్రమే. భూమ్యాకర్షణ అన్నిచోట్లా ఒకటి కాదు. పుస్తకంలోని 9.81 వేసుకుంటే ఇక్కడ వెయ్యికి దాదాపు మూడు వంతులు తప్పుతాం. మంచి సెన్సారుకు అనుమతించే తప్పు వెయ్యికి ఒక వంతు లోపే! అందుకే ప్రయోగశాలలు తమ చోటి ఆకర్షణ విలువతోనే లెక్క కడతాయి. వాటి తూనికరాళ్లకు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాల దాకా తెగని లంకె ఉండాలి.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలిస్తుంది. అప్పు చేసి బండి కొనే రైతు అమ్మకపు కాగితంలోని టార్క్ అంకెను నమ్మే పొలంలోకి దిగుతాడు. కాబట్టి కొనేముందు పరీక్ష నివేదిక అడగండి. పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులారా, మీ ల్యాబ్‌లో తెర మీద వచ్చిన అంకెను అలాగే రాసుకోకండి. ఆ సెన్సారు మీద చివరిసారి బరువు వేసి చూసింది ఎప్పుడో అడగండి. సర్టిఫికెట్ గడువు దాటి ఉంటే చేయి బిగించి, బరువులు వేసి, ముందు దాన్ని సరిచూశాకే ఇంజను స్టార్ట్ చేయండి.