శోకప్రకటన: ధమ్మదృష్టి

(మహాపరినిర్వాణ దినం సందర్భంగా జంషెడ్‌పూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

నేడు డిసెంబరు 6. తెల్లవారకముందే మనందరి ఫోన్లు బాబాసాహెబ్ చిత్రాలతో నిండిపోయాయి. కొవ్వొత్తి బొమ్మలు, జోడించిన చేతుల గుర్తులు, నివాళి వాక్యాలు వరుసగా వస్తూనే ఉన్నాయి. వాటిని పంపినవారిలో మేమూ ఉన్నాము. కాబట్టి ఈ ప్రసంగాన్ని ఇతరులపై విమర్శగా కాక, ఆత్మపరిశీలనగా స్వీకరించవలసిందిగా మనవి.

ముందుగా మా తప్పును చెప్పుకొంటాము. కొంతకాలం క్రితం మా సంఘంలోని ఒక పెద్ద ఉపాసకుడు కన్నుమూశారు. కార్ఖానాలో పనిచేసి రిటైరై కదమాలో స్థిరపడినవారు. వార్త తెలిసిన పావుగంటలో ఆయన ఫొటోకు దండ బొమ్మ చేర్చి, నాలుగు వాక్యాలు వ్రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాము. పలువురు దానిని స్టేటస్‌గా ఉంచారు. ఆయన కుమార్తె విజయనగరంలో ఉంటుంది. అన్నగారు ఫోన్ చేసేలోగానే ఆమె ఎవరి స్టేటస్‌లోనో తండ్రి ఫొటోకు దండ చూసింది. "మా నాన్న పోయారని నాకన్నా ముందు ఊరందరికీ తెలిసిందా?" అని తరువాత ఆమె అడిగినప్పుడు మేము తలవంచుకొన్నాము.

మా దుఃఖం బూటకమా? కాదు. ఆ వాక్యాలు వ్రాస్తున్నప్పుడు మా కళ్లు నిజంగానే చెమర్చాయి. అయినా ఆ పని తప్పే. శోకం నిజమైనదై ఉంటే చాలునని మనము అనుకొంటాము. చాలదని ఆ బిడ్డ మాకు నేర్పింది.

సామాజిక మాధ్యమాలలోని శోకమంతా నటనేనని కొందరు పెద్దలు కొట్టిపారేస్తారు. ఆ మాట కూడా సరికాదు. నలుగురి ముందు ఏడవడం మనకు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మన తాతలు ఈ ఉక్కునగరానికి వలస వచ్చినప్పుడు తమ ఏడుపును కూడా వెంట తెచ్చుకొన్నారు. చావింట ఆడవారు ఒకరినొకరు పట్టుకొని, పోయినవారి మంచితనాన్ని ఎంచి ఎంచి, రాగం తీసి శోకాలు పెట్టేవారు. కొత్త బంధువు గుమ్మంలో అడుగుపెట్టగానే ఏడుపు మళ్లీ మొదలయ్యేది. అందులో పద్ధతి ఉంది, వినేవారు ఉన్నారు, దుఃఖమూ ఉంది. పద్ధతి ఉన్నంత మాత్రాన దానిని అబద్ధమనలేము.

2020 మార్చి చివర దేశమంతటా లాక్‌డౌన్ వచ్చి రైళ్లు నిలిచిపోయిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ సువర్ణరేఖ ఒడ్డున చితి వెలిగితే, ఊళ్లోని అక్కచెల్లెళ్లు చేతిలోని ఫోన్‌లోనే కడసారి చూపు చూసుకొన్నారు. ఆనాడు ఆ చిన్న తెరే వారికి కాష్ఠం, అదే చావిడి. దానిని నటన అనగల కఠినహృదయులు ఎవరు?

2024 అక్టోబరు 9 రాత్రి రతన్ టాటా మరణవార్త వచ్చినప్పుడు మన నగరంలో దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఆయన చిత్రమే కనిపించింది. మరునాడు ముంబయిలోని వర్లీలో అంత్యక్రియలు జరిగాయి. ఆయనను ఎన్నడూ ప్రత్యక్షంగా చూడని కుర్రవాళ్లు కూడా నివాళి వ్రాశారు. వారిలో ఎవరిది నిజమైన దుఃఖం, ఎవరిది అనుకరణ అని తేల్చడం మన పని కాదు. తాత వేతనమూ తండ్రి క్వార్టరూ ఆ కంపెనీ నుంచే వచ్చిన ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఆ మరణం ఏమిటో బయటివారు కొలవలేరు. చేతనయే కర్మ అని తథాగతుడు బోధించాడు. ఒక పని వెనుక ఉన్న చేతనను దగ్గరగా చూడగలిగినది ఆ పని చేసినవాడే. కనుక 'ఇది ప్రదర్శనా?' అనే ప్రశ్నను ఎదుటివాని స్టేటస్ ముందు కాదు, మన వేలు బటన్ మీద ఉన్నప్పుడు మనమే వేసుకోవాలి. నివాళి పెట్టిన తరువాత ఎందరు చూశారో అని పదేపదే తెరిచి చూస్తున్నామా? పోయినవారి ఫొటోలలో మనము పక్కన నిలబడినదానినే వెతికి పెడుతున్నామా? అటువంటప్పుడు మనస్సు మృతుని వద్ద లేదు, మన వద్దనే ఉంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏమీ పెట్టనివారిని 'ఫలానా ఆయన ఒక్క మాటైనా వ్రాయలేదు' అని నిందించడం ఇప్పుడు ఆచారమైపోయింది. ధమ్మపద అట్ఠకథలో అత్తదత్థ థేరుని వృత్తాంతం ఉంది. నాలుగు నెలల్లో తాను పరినిబ్బానం పొందుతానని భగవానుడు ప్రకటించగానే చాలామంది భిక్షువులు ఆయన చుట్టూ చేరి శోకించసాగారు. అత్తదత్థుడు మాత్రం శాస్త జీవించి ఉండగానే అర్హత్వం సాధించాలని ఒంటరిగా సాధనకు పూనుకొన్నాడు. ఇతనికి మీపై ప్రేమ లేదని తోటివారు ఫిర్యాదు చేశారు. భగవానుడు అతని సంకల్పాన్ని విని మెచ్చుకొని, తనను ప్రేమించేవారు అత్తదత్థుని వలె ఉండాలన్నాడు. కుశీనగరంలోనూ అంతే. అకాలంలో పూచిన సాలవృక్షాలు తనపై పూలు కురిపిస్తుంటే, ఇది తథాగతునికి పరమ పూజ కాదనీ, ధమ్మాన్ని ఆచరించడమే పరమ పూజ అనీ ఆనందునికి చెప్పాడు. ఆ ఆనందుడే ద్వారబంధాన్ని పట్టుకొని ఏడ్చినప్పుడు మాత్రం మందలించక, దగ్గరకు పిలిపించి, అతని సేవను కొనియాడి ఓదార్చాడు. బౌద్ధం కన్నీటిని నిషేధించలేదు. కన్నీటి తరువాత ఏమి చేస్తావని అడిగింది.

సమ్యక్ వాక్కుకు భగవానుడు ఐదు లక్షణాలు చెప్పాడు: తగిన సమయం, సత్యం, మృదుత్వం, ప్రయోజనం, మైత్రి. మేము ఆనాడు పెట్టిన సందేశంలో సత్యం ఉంది, మృదుత్వం ఉంది, మైత్రి కూడా ఉందనే నమ్ముతున్నాము. సమయం లేదు. దానివల్ల ఆ ఇంటికి ప్రయోజనమూ లేదు.

కిసా గోతమి కథ మనలో తెలియనివారు లేరు. బిడ్డ శవాన్ని ఎత్తుకొని మందు కోసం తిరిగిన ఆ తల్లిని, చావు ఎరుగని ఇంటి నుంచి చిటికెడు ఆవాలు తెమ్మని భగవానుడు పంపాడు. ఆమె సావత్థిలో గుమ్మం గుమ్మం తొక్కింది. ఆ ఇళ్ల ముందు ఆమె ఏమి చేసింది? వారి దుఃఖం విన్నది. ఒక తండ్రి పోయాడు, ఒక కొడుకు పోయాడు అని ప్రతి ఇల్లూ చెబుతుంటే విన్నది. మనము ఫోన్ ద్వారా ఒక్క క్షణంలో వంద గుమ్మాల ముందు నిలబడుతున్నాము గాని, ప్రతిచోటా మన మాటే చెప్పి కదిలిపోతున్నాము.

క్షమాపణ కోరడానికి మేము విజయనగరం వెళ్లాము. ఆ అమ్మాయి మధ్యాహ్నమంతా తండ్రిని గురించి చెప్పింది. చదువురాని తోటి కార్మికులకు ఆయన ఆదివారాలు ఊళ్లకు ఉత్తరాలు వ్రాసిపెట్టేవారట. ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో తెలిసినా బయట అనేవారు కాదట. ఇరవై ఏళ్లు కలిసి వందన చేసిన మాకు ఆ సంగతి తెలియదు. 'మహోన్నత వ్యక్తి' అని మేము వ్రాసిన సందేశంలో అసలు ఆయన లేనే లేరు.

మన తెలుగునేలపై జరిగినదే మరొకటి. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించినప్పుడు, అతని చివరి లేఖ ఫోన్ నుంచి ఫోన్‌కు దేశమంతా తిరిగింది. ఆ వ్యాప్తి వల్లనే విశ్వవిద్యాలయాలలోని వివక్ష గురించి అంత పెద్ద చర్చ లేచింది. సామాజిక మాధ్యమం చేసిన ఆ మేలును కాదనరాదు. కాని మన ప్రొఫైళ్లలో అతని బొమ్మ ఎన్నాళ్లుంది? అతని తల్లి రాధిక, సోదరుడు రాజా అదే ఏడాది ఏప్రిల్ 14న ముంబయి దాదర్‌లో బౌద్ధదీక్ష స్వీకరించారు. మనము బొమ్మ మార్చుకొన్నాము, వారు జీవితమార్గాన్నే మార్చుకొన్నారు.

ఆ దాదర్‌లోనే 1956 డిసెంబరు 7న బాబాసాహెబ్ అంత్యక్రియలు జరిగాయి. నాగపూర్ దీక్ష జరిగి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. లక్షలాది జనం ఏడ్చారు. ఆ శోకసముద్రం మధ్యనే భదంత ఆనంద్ కౌసల్యాయన్ దీక్ష ఇవ్వగా, లక్షకు పైగా ప్రజలు త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు. చితి ముందు కన్నీరు ప్రతిజ్ఞగా మారింది. నేడు మనము ఈ సభలో కూర్చోవడం కూడా ఆ ప్రతిజ్ఞకు కొనసాగింపే.

కావున మా సంఘం కొన్ని నియమాలు చేసుకొన్నది. కుటుంబం అనుమతించే వరకు మరణవార్తను గ్రూపులో పెట్టము. మృతదేహం ఫొటోలు, ఏడుస్తున్నవారి ఫొటోలు ఎప్పుడూ పెట్టము. నివాళి వ్రాయడానికి ముందు ఒకరైనా ఆ ఇంటికి వెళ్లాలి; వంట చేయవలసి ఉంటే వంట, ఘాట్‌కు వెళ్లవలసి ఉంటే తోడు. మూడు నెలల తరువాత, అందరి ఫోన్లూ మౌనమైన వేళ, మళ్లీ వెళ్లి కూర్చొని వినాలి. వ్రాయనివారిని ఏమీ అనరాదు.

ఈ నియమాలను మేము ఒకసారి తప్పి నేర్చుకొన్నాము. మీరు తప్పకుండానే నేర్చుకోవాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.

సాధు! సాధు! సాధు!
నమో బుద్ధాయ. జై భీమ్.